కొండనాలుకకి మందేసే ముందు: గురక ఆపరేషన్‌లోకి కంప్యూటర్ ఎలా వచ్చింది

ఈరోజు ఎపిసోడ్ గురక గురించి. టాపిక్ చెప్పగానే మా ఎడిటర్ నవ్వాడు, మీరూ నవ్వే ఉంటారు. మన ఇళ్ళల్లో గురకంటే జోకే కదా. పెళ్ళింట్లో హాల్లో అందరూ వరసగా పడుకున్నప్పుడు ఒకాయన మొదలెడతాడు, పిల్లలు దుప్పట్లో దూరి నవ్వుకుంటారు, పొద్దున్నే "బాబాయ్ రాత్రంతా ట్రాక్టర్ తోలాడు" అంటారు. అక్కడితో అయిపోతుంది. పైగా గురక పెట్టాడంటే మంచి నిద్ర పట్టిందని మన లెక్క. ఆ లెక్క తప్పని వైద్యులు పక్కాగా తేల్చి అరవై ఏళ్ళే అయింది.

ఈ టాపిక్ ఎందుకు ఎత్తుకున్నానో ముందు చెప్పేస్తాను. మా మావయ్య కైకలూరు నుంచి హౌరాకి చేపల లారీ తోలేవాడు. కొల్లేరు చుట్టుపక్కల వాళ్ళకి ఈ పని ఎలా ఉంటుందో తెలుసు. చెరువు మీద పట్టుబడి అయ్యాక ట్రేలలో చేప, మీద ఐసు, లోడు కట్టారంటే ఇక బండి ఆగకూడదు. అలాంటి ఒక ట్రిప్పులో, శ్రీకాకుళం దాటాక, స్టీరింగ్ మీదే కునుకు పట్టేసింది. బండి డివైడర్ ఎక్కి ఆగింది. క్లీనర్ కుర్రాడి చెయ్యి విరిగింది. అందరూ మందు తాగుంటాడన్నారు. మావయ్య మందు ముట్టడు.

తర్వాత ఒక డాక్టర్‌కి చూపిస్తే, గురక ఎక్కువగా ఉంది, కొండనాలుక దగ్గర కండ తీసేస్తే సరిపోతుందన్నారు. ఆపరేషన్ అయింది. గురక నిజంగానే తగ్గింది. అత్తయ్యకి ఎన్నో ఏళ్ళ తర్వాత ప్రశాంతంగా నిద్ర పట్టింది. కానీ మావయ్య పగలు తూగడం మాత్రం ఆగలేదు. నేను మళ్ళీ టెస్ట్ చేయిద్దామంటే "గురక పోయింది కదరా, ఇంకేంటి నీ బాధ" అని కసిరాడు. ఎనిమిది నెలలకి బలవంతంగా తీసుకెళ్ళి రాత్రంతా నిద్ర టెస్ట్ చేయిస్తే తేలింది ఏంటంటే, శబ్దం తగ్గింది గానీ ఊపిరి ఆగడం ఆగలేదు. ఆయనకి అసలు అడ్డం పడేది నాలుక మొదట్లో. కోసింది పైన.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది" అని మనకో సామెత ఉంది. మా మావయ్యకి ఏ నాలుకా ఊడలేదు లెండి. కానీ మందు పడాల్సిన చోట పడలేదు. ఎలా కొయ్యాలి అన్నది సర్జన్లకి ఎప్పుడో తెలుసు. ఎక్కడ కొయ్యాలి, కోస్తే ఏమవుతుంది అన్నది ముందే తెలుసుకోవడం కష్టం. ఈ ఎపిసోడ్ ఆ రెండో ప్రశ్న చరిత్ర. అది ఆస్పత్రిలో మొదలై, విమానాల ఇంజనీర్ల దగ్గరికి వెళ్ళి, మళ్ళీ ఆస్పత్రికి వచ్చిన కథ. ఒక మాట: నేను డాక్టర్ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్ళు కోడ్ రాసుకుని, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నవాణ్ణి. వైద్యం డాక్టర్ని అడగండి, చరిత్ర నన్నడగండి.

మొదలు ఒక నవలలో ఉంది. 1836, 37లో చార్లెస్ డికెన్స్ పిక్‌విక్ పేపర్స్ అనే నవల నెలనెలా భాగాలుగా వేశాడు. అందులో జో అని ఒక లావుపాటి కుర్రాడు. తలుపు కొడుతూ కొడుతూ నిలబడే నిద్రపోతాడు, పని మధ్యలో గురక పెడతాడు. జనం నవ్వుకున్నారు. మనం పెళ్ళింట్లో నవ్వుకున్నట్టే.

ఆ తర్వాత నూట ఇరవై ఏళ్ళకి, 1956లో, అమెరికాలో బర్వెల్, ఆయన తోటి డాక్టర్లు ఒక పేపర్ రాశారు. వాళ్ళ పేషెంట్ 51 ఏళ్ళ వ్యాపారస్తుడు. బాగా లావు. వారం వారం పేకాటకి వెళ్ళేవాడు. ఒకరోజు పోకర్‌లో మూడు ఆసులు, రెండు రాజులు పడ్డాయి. మన భీమవరం వైపు సంక్రాంతికి ఆడేవాళ్ళని అడగండి, అలాంటి ముక్కలు పడితే కళ్ళు ఎంత పెద్దవవుతాయో! ఈయన మాత్రం ముక్కలు చేతిలో పట్టుకునే నిద్రలోకి జారిపోయాడు. చేతికొచ్చిన ఆట పోయింది. దాంతో ఇదేదో మామూలు నిద్ర కాదని ఆస్పత్రికి వెళ్ళాడు. డాక్టర్లు డికెన్స్ కుర్రాణ్ణి గుర్తుచేసుకుని దీనికి పిక్‌విక్ పేరే పెట్టారు. కారణం మాత్రం సగమే పట్టుకున్నారు. ఒళ్ళు బరువు వల్ల ఊపిరి చాలక, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తు వస్తోందనుకున్నారు. రాత్రి నిద్రలో ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు.

చూసింది 1965లో. ఫ్రాన్స్‌లో గాస్టో, టస్సినారి, డ్యురాన్, జర్మనీలో యుంగ్, కూలో, వేరువేరుగా ఇలాంటి పేషెంట్లని పడుకోబెట్టి రాత్రి ఊపిరిని, మెదడు తరంగాల్ని కలిపి రికార్డ్ చేశారు. అప్పుడు కనిపించింది: ఛాతీ ఊపిరి కోసం లాగుతూనే ఉంది, ముక్కులోంచి మాత్రం గాలి రావట్లేదు. అంటే ఊపిరితిత్తులు పనిచేస్తున్నాయి, దారి మూసుకుపోయింది. కొన్ని సెకన్లకి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, పెద్ద గురకతో గాలి లోపలికి దూసుకెళ్తుంది, మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత. మనిషికి ఇదేదీ గుర్తుండదు. పొద్దున్నే లేచి "బాగా పడుకున్నాను, అయినా ఎందుకో తూగుతున్నాను" అంటాడు.

దీనికి స్లీప్ ఆప్నియా అనే పేరు 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో గిల్‌మినో, డిమెంట్‌ల పనితో స్థిరపడింది. లెక్క ఇలా: నిద్రలో కనీసం 10 సెకన్లు గాలి ఆగితే అది ఒక ఆప్నియా. ఆగడాలు, బాగా తగ్గడాలు కలిపి గంటకి 5 దాటితే జబ్బు ఉన్నట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకి 30 అంటే ప్రతి రెండు నిమిషాలకీ ఎవరో మీ గొంతు నొక్కి వదిలినట్టు. రాత్రంతా.

ఇది ఎక్కడో దూరదేశాల జబ్బు అనుకోకండి. 2004లో వచ్చిన ముంబై సర్వేలో 35 నుంచి 65 ఏళ్ళ మగవాళ్ళలో 7.5% మందికి, పగటి మత్తుతో సహా, ఈ జబ్బు కనిపించింది. సింహాసనం, స్టేట్ రౌడీ, గ్యాంగ్ లీడర్ పాటలతో మన తెలుగువాళ్ళని కుర్చీల్లోంచి లేపిన బప్పి లహరి 2022 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు, ఆయనకి వైద్యం చేసిన డాక్టర్లు చెప్పిన కారణాల్లో స్లీప్ ఆప్నియా ఉంది. ఆ వార్త విన్నాకే చాలామంది ఈ పేరు మొదటిసారి విన్నారు.

సరే, దారి మూసుకుపోతోందని తెలిసింది. మరి వైద్యం? మొదటి జవాబు మొరటుది. 1969లో కూలో బృందం గొంతు కింద, మెడ ముందు భాగంలో రంధ్రం పెట్టి గొట్టం అమర్చింది. మూసుకునే చోటుని పూర్తిగా తప్పించేసి గాలి నేరుగా లోపలికి. పేషెంట్లు బాగయ్యారు. మన కాలవల భాషలో చెప్పాలంటే, పూడిక పడ్డ కాలవని వదిలేసి పక్కనుంచి బైపాస్ తవ్వారు. పనిచేస్తుంది గానీ, మెడలో రంధ్రంతో బతకడం ఎవరికిష్టం?

1981లో ఒకే ఏడాది రెండు దారులు తెరుచుకున్నాయి. ఆస్ట్రేలియాలో కాలిన్ సలివాన్ గాలి ఊదే దారి ఎంచుకున్నాడు. ముక్కుకి మాస్కు పెట్టి, చిన్న మోటారుతో గాలి ఒత్తిడి ఇస్తే గొంతు గోడలు మూసుకోవు. ఐదుగురు పేషెంట్ల మీద ఫలితాలు లాన్సెట్‌లో వేశాడు. అదే ఇవాళ్టి సీపాప్ మెషిన్. డెట్రాయిట్‌లో షిరో ఫుజిటా కోసే దారి ఎంచుకున్నాడు. జపాన్‌లో ఇకెమాత్సు అనే డాక్టర్ అంతకుముందే గురక కోసం చేసిన ఆపరేషన్‌ని ఆప్నియాకి మలిచాడు. కొండనాలుక, దాని పక్క మెత్తటి అంగిలి అంచు, టాన్సిల్స్, అదనపు కండ తీసి కుట్టేయడం. పేరు చాలా పొడుగు, అందరూ యూపీపీపీ అంటారు. మా మావయ్యకి చేసింది ఈ కుటుంబానికి చెందిన ఆపరేషనే.

ప్రపంచమంతా ఆ ఆపరేషన్ పాకింది. రోజూ మాస్కు పెట్టుకుని పడుకోవడం కంటే ఒక్కసారి కోయించుకుంటే పోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పదిహేనేళ్ళ తర్వాత, 1996లో, షేర్ అనే డాక్టర్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ ఒకచోట పోగేసి లెక్కవేశారు. యూపీపీపీ బాగా పనిచేసింది దాదాపు 41% మందికి. అంటే పదిమందిలో నలుగురికి. అసలు విషయం ఆ లెక్కని విడదీస్తే బయటపడింది. అడ్డం అంగిలి దగ్గర మాత్రమే ఉన్నవాళ్ళలో సగానికి కొంచెం పైగా బాగయ్యారు. అడ్డం నాలుక వెనక కూడా ఉన్నవాళ్ళలో? నూటికి ఐదుగురు. అదే కత్తి, అదే ఆపరేషన్. తేడా అంతా ఎక్కడ మూసుకుంటోంది అన్న దాంట్లోనే.

ఇక్కడ ఒక్క నిమిషం మన ఊరికి రండి. కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు వచ్చి పడతాయి. బయటికి, సముద్రానికి, దారి ఒక్కటే: ఉప్పుటేరు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు ఆ నీళ్ళు చివరికి రావాల్సింది ఇక్కడికే. ఉప్పుటేరు ఎక్కడ ఇరుకైనా కొల్లేరు పొంగుతుంది. ఇప్పుడు మీరు ఆకివీడు దగ్గర లక్షలు పోసి వెడల్పు చేసి, సముద్రం దగ్గర ముఖద్వారంలో ఇసుక మేట అలాగే వదిలేశారనుకోండి. ఖర్చు అయింది, ఫొటోలు దిగారు, నీళ్ళు మాత్రం కదలవు. గొంతు కూడా అంతే. వరసగా రెండు మూడు ఇరుకులున్న దారిలో తప్పు ఇరుకుని వెడల్పు చేస్తే ఏమీ మారదు.

నీటి ఇంజనీర్లకి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. అందుకే వాళ్ళు తవ్వేముందు నమూనా కట్టి చూస్తారు. 1880లలోనే ఆస్బోర్న్ రేనాల్డ్స్ ఇంగ్లండ్‌లో మెర్సీ నది ముఖద్వారాన్ని చిన్న తొట్టిలో కట్టి, నీళ్ళు ఆడించి, ఇసుక ఎక్కడ మేట వేస్తుందో చూశాడు. మన దేశంలో పుణె దగ్గర 1916 నుంచి దీనికోసమే ఒక పరిశోధనా కేంద్రం ఉంది. పోలవరం స్పిల్‌వే నమూనా పరీక్షలు కూడా అక్కడే జరిగాయి. నదికి ఇంత జాగ్రత్త తీసుకుంటున్నప్పుడు మనిషి గొంతుకి ఎందుకు తీసుకోకూడదు? ఎందుకంటే బతికున్న మనిషి గొంతుని తొట్టిలో కట్టడం కుదరదు. దానికి రెండు కావాలి. ఒకటి, కొయ్యకుండా లోపలి ఆకారం చూడటం. రెండు, ఆ ఆకారంలో గాలి ఎలా పోతుందో లెక్కగట్టడం.

మొదటిది సీటీ స్కాన్. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ మెషిన్ మొదటి పేషెంట్ తలని పొరలు పొరలుగా చూపించింది. 1979లో ఆయనకీ కార్మాక్‌కీ నోబెల్ వచ్చింది.

రెండోది ఇంకా పాతది. గాలైనా నీళ్ళైనా ఎలా కదులుతాయో చెప్పే సమీకరణాలు ఫ్రాన్స్‌లో నావియే 1822లో, బ్రిటన్‌లో స్టోక్స్ 1845లో రాసిపెట్టారు. బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివినవాళ్ళకి ఈ పేర్లు వింటేనే పరీక్ష ముందు రాత్రి గుర్తొస్తుంది. సమీకరణం రాయడం ఒక ఎత్తు, దాన్ని సాధించడం ఇంకో ఎత్తు. నిజమైన, వంకర టింకర ఆకారాల్లో పెన్ను పేపర్‌తో సాధించలేం. రిచర్డ్‌సన్ అనే ఆయన వాతావరణం కోసం ఇలాంటి లెక్క చేత్తోనే చేసి, 1922లో ప్రచురించాడు. ఆరు గంటల మార్పు లెక్కగట్టడానికి వారాలు పట్టింది, జవాబు తప్పొచ్చింది. 64,000 మంది ఒక పెద్ద హాల్లో కూర్చుని లెక్కలు వేస్తే వాతావరణంతో సమానంగా పరిగెత్తొచ్చని ఊహించాడు. ఆ 64,000 మంది పని చేసే యంత్రం తర్వాత వచ్చింది. దాన్ని బాగా వాడుకున్నవాళ్ళలో విమానాలవాళ్ళు ఉన్నారు.

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. ఆ విమానాల కాలంలో రెక్క మీద గాలి ఎలా పోతుందో తెలియాలంటే విండ్ టన్నెల్‌లో నమూనా పెట్టి చూడాల్సిందే. తర్వాతి తరం అదే పని కంప్యూటర్‌లో మొదలుపెట్టింది. దాన్నే సీఎఫ్‌డీ అంటారు. ఇవాళ అదే గూడెంలో 2015 నుంచి నిట్ నడుస్తోంది. రన్‌వే నుంచి కంప్యూటర్ ల్యాబ్ దాకా ఈ కథ ప్రయాణం ఆ ఒక్క ఊళ్ళోనే కనిపిస్తుంది.

ఇది ఎలా పనిచేస్తుందో మన భాషలో చెప్తా. కొల్లేరు ప్రాంతాన్ని పైనుంచి తీసిన ఫొటోలు చూశారా? గళ్ళు గళ్ళుగా చేపల చెరువులు, మధ్యలో గట్లు. ప్రతి చెరువుకీ పక్క చెరువుతో తూము ఉందనుకోండి. ఒక్కో చెరువులోకి ఎంత నీరొచ్చింది, ఎంత పోయింది, మట్టం ఎంత, అని లెక్క రాసుకుంటూ పోతే మొత్తం ప్రాంతంలో నీటి కదలిక తెలిసిపోతుంది. సీఎఫ్‌డీ అంతే. సీటీ స్కాన్‌లోంచి గొంతు ఖాళీని వేరుచేసి, దాన్ని లక్షల చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడికీ పక్క గడికీ మధ్య గాలి లెక్క, ఒత్తిడి లెక్క మళ్ళీ మళ్ళీ వేస్తారు. లెక్క నిలకడకి వచ్చాక ఏ చోట ఒత్తిడి ఎంత పడిపోయిందో రంగుల్లో కనిపిస్తుంది.

ఒత్తిడి పడిపోవడం ఎందుకు ముఖ్యం? కొబ్బరిబోండంలో మెత్తటి స్ట్రా పెట్టి గట్టిగా పీల్చండి. స్ట్రా మధ్యలో అతుక్కుపోతుంది. గొంతు ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, మెత్తటి గోడలు లోపలికి వస్తాయి, ఇంకా ఇరుకవుతుంది. నిద్రలో కండరాలు సడలిపోయి ఉంటాయి కాబట్టి గోడ ఇంకా మెత్తన. ఇరుకు ఎంత ప్రమాదమంటే, నిదానంగా పారే ప్రవాహంలో గొట్టం వ్యాసం సగమైతే అడ్డు రెట్టింపు కాదు, పదహారు రెట్లు అవుతుంది. అందుకే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాయే మనిషి రాత్రిని మార్చేస్తుంది. ఆ మిల్లీమీటర్లు ఎక్కడ సంపాదించాలన్నదే సర్జన్ ప్రశ్న.

2006, 2007 ప్రాంతంలో ఈ రెండు దారులూ కలిశాయి. కొరియాలో, అమెరికాలో, బెల్జియంలో వేరువేరు బృందాలు ఆప్నియా పేషెంట్ల స్కాన్‌ల నుంచి గొంతులు కట్టి గాలి లెక్కలు వేశాయి. బెల్జియంవాళ్ళు ఒక అడుగు ముందుకేసి, కింది దవడని ముందుకి పట్టి ఉంచే నోటి పరికరం ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పగలమా అని చూశారు. కొద్దిమంది పేషెంట్ల మీదే అయినా, కంప్యూటర్‌లో అడ్డు తగ్గినవాళ్ళకి మంచం మీద కూడా తగ్గుతోందని కనిపించింది.

ఇక్కడ మనకి తెలిసిన ఒక ఇంటిపేరు వస్తుంది. మైలవరపు. మనకి పక్కనే ఉన్న మైలవరం గుర్తొచ్చే తెలుగు ఇంటిపేరు. గౌతమ్ మైలవరపు అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ సిన్సినాటిలో, ఎఫ్రాయిమ్ గట్‌మార్క్ బృందంలో పనిచేశారు. గట్‌మార్క్ ఏరోస్పేస్ ఇంజనీరు, జెట్ ఇంజన్ల శబ్దం మీద పనిచేసిన మనిషి. జెట్ నుంచి గురకకి రావడం వింతగా అనిపించొచ్చు, కానీ రెండూ ఇరుకు దారిలోంచి దూసుకొచ్చే గాలి కథలే. 2009లో మైలవరపు, ఆయన సహచరులు ఒక ముఖ్యమైన పని చేశారు: కంప్యూటర్ చెప్పిన ఒత్తిడిని, అదే ఆకారంలో కట్టిన నిజమైన నమూనాలో కొలిచిన ఒత్తిడితో పోల్చి చూశారు. సుడి తిరిగే గాలికి ఏ లెక్క పద్ధతి నిజానికి దగ్గరగా వస్తుందో తేల్చారు. కోడ్ రాసేవాళ్ళకి దీని విలువ తెలుసు. అందమైన రంగుల బొమ్మ ఎవరైనా గీస్తారు, అది నిజమా కాదా అని టెస్ట్ చేసేవాడు కావాలి. 2013లో ఆయనే మొదటి రచయితగా, ఈసారి స్వీడన్ నిపుణులతో కలిసి వచ్చిన పేపర్ పేరు తెలుగులో చెప్పాలంటే, "గాలి ప్రవాహ గణనతో మనిషి పై శ్వాసనాళ శస్త్రచికిత్సని ప్లాన్ చేయడం". ఆప్నియా ఒక్కటే కాదు, పై శ్వాసనాళంలో ఎక్కడ ఇరుకున్నా పనికొచ్చే ఆలోచన ఇది: పేషెంట్ గొంతు నమూనాని ముందు కంప్యూటర్‌లో కోసి, గాలి లెక్క మళ్ళీ వేసి, ఆ తర్వాత టేబుల్ మీదికి వెళ్ళడం.

మావయ్య స్కాన్ ఇలాంటి ల్యాబ్‌కి వెళ్ళిందనుకోండి. మొదటి ఫైల్‌లో కొండనాలుక దగ్గర కండ తీసి చూస్తారు. రెండో ఫైల్‌లో నాలుక మొదలు వెనక దారి వెడల్పు చేస్తారు. మూడోదాంట్లో రెండు దవడలూ ముందుకి జరుపుతారు. ఈ చివరి ఆపరేషన్ స్టాన్‌ఫర్డ్‌లో రైలీ, పావెల్ 1980లలో తీర్చిదిద్దింది. 2010లో వచ్చిన సమీక్ష ప్రకారం దాని సఫలత 86%. కానీ ముఖంలో ఎముకలు కోసి జరపాలి, అందరికీ చెయ్యలేరు. కాబట్టి చిన్న కోతతో సరిపోతుందా, పెద్దది తప్పదా, అసలు కొయ్యకుండా మాస్కు చాలా అన్నది ముందే తెలిస్తే అదే పెద్ద మేలు. కంప్యూటర్‌లో తప్పు చోట కోస్తే అన్‌డూ నొక్కొచ్చు. మావయ్య గొంతుకి అన్‌డూ లేదు.

ఇంత బాగుంటే మన ఏలూరు ఆస్పత్రుల్లో ఎందుకు లేదని అడుగుతారు. నిజాయితీగా చెప్పాలి. గొంతు విషయంలో ఈ పద్ధతి ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనలోనే ఉంది. కారణాలున్నాయి. సీటీ స్కాన్ తీసేది మెలకువగా ఉన్నప్పుడు, జబ్బు వచ్చేది నిద్రలో. కండరం సడలాక ఆకారం మారిపోతుంది. గొంతు గోడ ఇనప గొట్టం కాదు, గాలితో పాటు కదులుతుంది. ఆ కదలిక కూడా లెక్కలోకి తీసుకోవాలంటే ఒక్కొక్కరి కండ ఎంత మెత్తనో తెలియాలి, అది కొలవడం కష్టం. కోసిన చోట మానేటప్పుడు మచ్చ ఎలా కడుతుందో కంప్యూటర్‌కి తెలీదు. పైగా ఇంతవరకు వచ్చిన పరిశోధనల్లో చాలావాటిలో పేషెంట్లు కొద్దిమందే.

అందుకే ఇవాళ మంచి సర్జన్లు ఎక్కువగా నమ్ముకునేది ఇంకో పద్ధతిని. 1991లో లండన్‌లో క్రాఫ్ట్, ప్రింగిల్ అనే డాక్టర్లు పేషెంట్‌కి మందుతో నిద్ర తెప్పించి, ముక్కులోంచి సన్నటి కెమెరా దింపి, ఎక్కడ మూసుకుంటోందో కళ్ళారా చూశారు. దాంతో ఎక్కడ అన్నది తెలుస్తుంది. కోస్తే ఏమవుతుందన్నది తెలీదు. ఆ మిగిలిన సగాన్ని పూరించడానికే సిమ్యులేషన్. ఇది కలగా మిగిలిపోదని నమ్మడానికి గుండె ఒక ఉదాహరణ. గుండె రక్తనాళాల స్కాన్ నుంచి రక్త ప్రవాహాన్ని ఇదే గణితంతో లెక్కగట్టి, ఏ ఇరుకు ప్రమాదకరమో చెప్పే సాఫ్ట్‌వేర్‌కి 2014లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. గుండెకి అయింది, గొంతుకీ అవుతుంది. గొంతు కొంచెం మొండిది, అంతే.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఏంటి? అడగడం. మీ ఇంట్లో ఎవరికైనా గురక ఆపరేషన్ అంటే డాక్టర్‌ని మర్యాదగా మూడు మాటలు అడగండి. రాత్రి నిద్ర టెస్ట్ చేశారా, గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోంది? అడ్డం ఎక్కడ పడుతోందో చూశారా, ఒకచోటేనా రెండు చోట్లా? ఆపరేషన్ తర్వాత మళ్ళీ టెస్ట్ ఎప్పుడు? ఈ మూడో ప్రశ్న మర్చిపోకండి. గురక తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. చెవికి వినపడకుండా పోయిన జబ్బు ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఇక ఎవరూ దాన్ని వెతకరు.

మావయ్య ఇప్పుడు సీపాప్ పెట్టుకుని పడుకుంటున్నాడు. మొదట్లో "ఇదేంట్రా, ఏనుగు తొండంలా" అని విసుక్కున్నాడు. రెండు వారాల తర్వాత మధ్యాహ్నం భోజనం చేసి, చాన్నాళ్ళకి, నిద్ర రాకుండా కూర్చుని అత్తయ్యతో కబుర్లు చెప్పాడట. లారీ మాత్రం మళ్ళీ ఎక్కలేదు. చెరువు దగ్గర లోడింగ్ చూసుకుంటున్నాడు. ఆ క్లీనర్ కుర్రాడి చెయ్యి అతుక్కుంది, ఇప్పుడు వాడే డ్రైవరు. మొన్న కైకలూరులో కనిపిస్తే మావయ్య వాణ్ణి అడిగిన మొదటి మాట: "ఏరా, రాత్రిళ్ళు గురక పెడుతున్నావా?" వాడు నవ్వాడు. మావయ్య నవ్వలేదు.

ఇదండీ ఈ వారం కథ. మీ ఇంట్లో ట్రాక్టర్ తోలే బాబాయ్ ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. మళ్ళీ వారం కలుద్దాం. ఉంటాను.